వాద్యం ఒకటి – ధ్వనులు మూడు

దుగ్గిరాల పసుపు వ్యాపారానికి పేరుపడిన ఊరు. రైతులు పసుపు కొమ్ములను ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి ఇక్కడి యార్డుకు తెస్తారు. సరుకు తెలిసిన మనిషి రాశిలోనుంచి ఒక కొమ్మును తీసి చేతితో విరుస్తాడు. బాగా ఎండిన కొమ్ము లోహపు ముక్క మోగినట్లు 'ఠంగు'మని విరుగుతుంది. తడి మిగిలిన కొమ్ము మొద్దుగా పలుకుతుంది. లోపల తడి ఎంత ఉన్నదో కంటికి కనిపించదు, కాని చెవికి తెలిసిపోతుంది. కుండ కొనబోయిన ఇల్లాలు దానిని వ్రేలి కణుపుతో తట్టి చూడటమూ, కొబ్బరికాయను చెవి దగ్గర ఆడించి చూడటమూ ఇటువంటివే.

ఈ చిన్న అలవాట్ల వెనుక ధ్వనిశాస్త్రంలోని ఒక పెద్ద విషయం ఉన్నది. ప్రతి వస్తువుకూ తనదైన కంఠం ఒకటి ఉంటుంది. తట్టితే అది బయటపడుతుంది. ఈ విషయాన్ని ఆధారం చేసుకొని ఇటీవలి నలభై, యాభై ఏళ్ళలో ఒక వాదన పద్ధతి బాగా వృద్ధి చెందింది. ఒక్క మనిషి ఒక్క గిటారును ఒడిలో పెట్టుకొని తీగెలను మీటుతూనే, దాని పెట్టెను అరచేతితోనూ, వ్రేళ్ళతోనూ, గోళ్ళతోనూ తట్టి పాటనూ తాళాన్నీ ఏకకాలంలో పలికిస్తాడు. కళ్ళు మూసుకొని వింటే ముగ్గురు కూర్చొని వాయిస్తున్నారని అనిపిస్తుంది.

వాద్యాన్ని సరస్వతిగా భావించి కళ్ళకద్దుకొనే మన ఇళ్ళలో, దానిని చేతితో కొట్టడం అపచారంగా తోచవచ్చు. పల్చని చెక్కతో చేసిన పెట్టె పగిలిపోదా అన్న సందేహమూ కలుగుతుంది. ఈ రెండు సందేహాలకూ సమాధానం ఆ పెట్టె నిర్మాణంలోనే ఉన్నది.

ఒక మనిషి – పలు పనులు

తీగెనూ తాళాన్నీ ఒక్కరే నడపడం తెలుగువారికి కొత్త కాదు. బుర్రకథలో ప్రధాన కథకుడు భుజాన తంబురా మోపి మీటుతూ, చేతివ్రేళ్ళకు తొడిగిన లోహపు అందెలను తాళానికి సరిగా మోగిస్తూ, పాడుతూ, అడుగులు వేస్తూ కథ చెబుతాడు. ఇరుప్రక్కలా ఉన్న వంతలు గుమ్మెటలు వాయిస్తారు. మైకులు లేని రోజులలో తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల పల్లెలలో రాత్రివేళ ఆరుబయట కూర్చున్న జనానికి కథ అందాలంటే, ప్రతి మాటకూ వెనుక దరువు బలంగా ఉండవలసివచ్చేది. తంబురా మీటు ఒక్కటే అంతదూరం పోదు. అందెల మోత పోతుంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఈ కళను నలుమూలలకూ తీసుకొనిపోయి 1986లో పద్మశ్రీ పొందాడు.

వీణలోనూ ఇటువంటి ఏర్పాటు కనిపిస్తుంది. వీణకు ఏడు తీగెలుంటాయి. నాలుగు మెట్ల మీదుగా సాగి స్వరాలు పలికేవి. మిగిలిన మూడు ప్రక్కన ఉండే తాళపు తీగెలు. వైణికుడు చూపుడు వ్రేలితోనూ మధ్యవ్రేలితోనూ పాటను మీటుతూ, చిటికెన వ్రేలితో తాళపు తీగెలను మీటుతాడు. అంటే ఒకే చేయి రెండు పనులు చేస్తుంది.

కాని బుర్రకథలో తాళం చెప్పేది అందెలు, వీణలో తాళం చెప్పేది వేరే తీగెలు. గిటారు వాదకుడు మరొక మెట్టు ముందుకు వేసి, వాద్యపు శరీరాన్నే తాళవాద్యం చేసుకొన్నాడు. స్పెయిన్ దేశపు దక్షిణ భాగంలోని ఫ్లమెంకో గాయకుల గిటారులో ఈ తట్టు చాలాకాలంగా ఉన్నది. దానిని వారు 'గోల్పే' అంటారు. ఆ దెబ్బలకు చెక్క గీతలు పడకుండా పైపలకకు ఒక పల్చని రేకు అతికిస్తారు. ఆధునిక పద్ధతికి బలమైన పునాది వేసినవారిలో అమెరికా దేశస్థుడైన మైకేల్ హెడ్జెస్ (1953–1997) ముఖ్యుడు. 1984లో వెలువడిన 'ఏరియల్ బౌండరీస్' అన్న అతని రికార్డు ఒకే గిటారులో ఇంత ధ్వని ఉన్నదా అని వినేవారిని ఆశ్చర్యపరచింది. ప్రెస్టన్ రీడ్ పెట్టెపై తట్టే పద్ధతిని ఒక సంపూర్ణ విద్యగా పెంపొందించాడు. ఆండీ మెకీ వాయించిన 'డ్రిఫ్టింగ్' అన్న కృతి 2006లో ఇంటర్నెట్ ద్వారా ప్రపంచమంతటా వ్యాపించి, ఎందరో యువకులను ఈ మార్గానికి ఆకర్షించింది.

తీగె ఒంటరిగా పలకదు

గోడకు రెండు మేకులు కొట్టి, వాటి మధ్య ఒక ఉక్కుతీగెను బిగించి మీటితే ధ్వని దగ్గరివారికే వినిపిస్తుంది. అదే తీగెను ఒక పల్చని చెక్కపెట్టెపై బిగించి మీటితే గదంతా వినిపిస్తుంది. తీగె అంతే, మీటిన బలమూ అంతే. మరి తేడా ఎక్కడిది?

తీగె చాలా సన్నగా ఉంటుంది. అది గాలిని కోసుకొంటూ అటూ ఇటూ కదులుతుంది గాని, గాలిని ఎక్కువగా నెట్టలేదు. విసనకర్ర కాడతో విసిరితే గాలి రాదు, ఆకుతో విసిరితేనే వస్తుంది. గిటారులో తీగెలన్నీ 'గుర్రం' అనే చిన్న చెక్కమీద ఆనుతాయి. ఆ గుర్రం పైపలకకు అతికి ఉంటుంది. తీగె కంపనాలు గుర్రం ద్వారా పలకకు చేరి దానిని కంపింపజేస్తాయి. వైశాల్యం గల పలక గాలిని బాగా నెడుతుంది. ఒక వస్తువు కంపిస్తూ మరొకదానిని తనతోపాటు కంపింపజేయడాన్ని బలాత్కృత కంపనం అంటారు. తరగతిలో శ్రుతిదండం కాడను బల్లకు ఆనిస్తే ధ్వని హెచ్చడం ఇందువల్లనే.

అయితే ఈ లాభం ఊరికే రాదు. పలకకు అందిన శక్తి అంతా తీగె నుంచి పోయినదే. పలక త్వరగా శక్తిని లాగుకొంటే ధ్వని పెద్దదవుతుంది గాని తీగె త్వరగా ఆగిపోతుంది. నెమ్మదిగా లాగుకొంటే నాదం నిలుస్తుంది గాని మెల్లగా వినిపిస్తుంది. మంచి వాద్యం చేయడమంటే ఈ రెంటి మధ్య సరియైన బేరం కుదర్చడమే.

పెట్టెలోని గాలి

గిటారు పెట్టె నడుమ గుండ్రని రంధ్రం ఉంటుంది. ధ్వని బయటికి రావడానికి మాత్రమే అది ఉన్నదనుకోవడం పొరపాటు. లోపలి గాలి ఒక స్ప్రింగులా పనిచేస్తుంది. రంధ్రం దగ్గరి గాలి ఆ స్ప్రింగుపై పెట్టిన చిన్న బరువులా లోనికీ బయటికీ ఊగుతుంది. ఖాళీ సీసా మూతిపై అడ్డంగా ఊదితే వచ్చే 'బూ' అన్న ధ్వనికి కారణం ఇదే. ఈ రకపు అనునాదాన్ని వివరించినవాడు జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ (1821–1894).

పాత్రలో గాలి తగ్గినకొద్దీ స్థాయి హెచ్చుతుంది. పంపు క్రింద బిందె నిండుతున్నప్పుడు వినిపించే ధ్వని అంతకంతకు సన్నబడటం ఎవరికైనా అనుభవమే. దానిని విని, చూడకుండానే బిందె నిండవచ్చిందని తెలుసుకొంటాం. సాధారణమైన గిటారు పెట్టెలోని గాలి సెకనుకు సుమారు 100 కంపనాలు చేస్తుంది. పైపలక ప్రధాన కంపనం సెకనుకు దాదాపు 200. అన్నిటికన్న లావు తీగె 82 కంపనాలతోనూ, అన్నిటికన్న సన్న తీగె 330 కంపనాలతోనూ పలుకుతాయి. అంటే గాలి కంఠమూ, పలక కంఠమూ, తీగెల కంఠమూ ఒకే ప్రాంతంలో ఉన్నాయి. ఒకదానికొకటి తోడుపడేటట్లు చేయడానికే పెట్టెకు ఆ పరిమాణమూ, ఆ ఆకారమూ ఇచ్చారు.

గిటారులో మూడు ధ్వనులు ఇవే. తీగె ఒకటి, పలక రెండవది, గాలి మూడవది. మామూలు వాదనలో మూడూ కలిసి ఒకటిగా వినిపిస్తాయి. తట్టి వాయించే కళాకారుడు వాటిని విడదీసి, ఏది కావాలంటే దానిని ముందుకు తెస్తాడు.

ఎక్కడ తట్టితే ఏ ధ్వని

పలక అంతటా ఒకేవిధంగా కంపించదు. కొన్ని చోట్ల ఎక్కువగా ఊగుతుంది, వాటిని ప్రస్పందన స్థానాలంటారు. కొన్ని చోట్ల దాదాపు కదలదు, అవి అస్పందన స్థానాలు. 1787లో జర్మనీకి చెందిన క్లాడ్ని ఒక లోహపు పలకపై ఇసుక చల్లి, అంచును వయొలిన్ కమానుతో రాసి, ఇసుక కదలని చోట్ల పోగై ముగ్గులవంటి ఆకారాలు ఏర్పడటం చూపించాడు. స్థాయి మారితే ముగ్గు మారుతుంది.

ప్రస్పందన స్థానంలో తట్టితే ఆ కంపనం బలంగా లేస్తుంది. అస్పందన స్థానంలో తట్టితే అది లేవదు. గుర్రానికి దగ్గరగా, పలక బాగా ఊగే చోట మణికట్టు క్రింది మెత్తని భాగంతో తట్టితే పలకా, లోపలి గాలీ కలిసి 'ధుం' అని మంద్రంగా పలుకుతాయి. అంచుకు జరిగినకొద్దీ ధ్వని సన్నబడుతుంది. ప్రక్కచెక్క వంపు తిరిగి బిగువుగా ఉంటుంది గనుక, అక్కడ వ్రేళ్ళతో కొడితే 'టక్' అని పలుకుతుంది. గోళ్ళతో పలకపై గీరితే ఇసుక గలగలలాడినట్లుంటుంది. మృదంగంపై తొప్పికీ, వలంతలకూ ఉన్న తేడావంటిదే ఇది.

స్థానం ఒక్కటే కాదు, తాకే వస్తువు కూడా ముఖ్యమే. మెత్తని అరచేయి పలకను తాకి కొంతసేపు ఆనుకొని ఉంటుంది. ఆ స్పర్శ సెకనులో 200వ వంతు కాలం ఉన్నదనుకొందాం. అంతకన్న త్వరగా జరిగే కంపనాలను ఆ చేయి లేపలేదు, పైగా లేచినవాటిని అణచివేస్తుంది. అందుచేత మంద్రధ్వని మాత్రమే మిగులుతుంది. గోరు గట్టిది. అది సెకనులో వెయ్యవ వంతులో తాకి తొలగిపోతుంది గనుక సన్నని కంపనాలు సైతం లేస్తాయి. ఒకే పలక, ఒకే చోటు అయినా చేయి మారితే ధ్వని మారుతుంది.

తట్టు పాటను చెడగొట్టదా?

ఇక్కడ ఒక ప్రశ్న సహజంగా కలుగుతుంది. పలకకు తనదైన స్వరం ఉంటే, పాట ఏ శ్రుతిలో ఉన్నా ఆ స్వరమే మళ్ళీ మళ్ళీ వినిపించి అపశ్రుతి కావద్దా?

కాదు. తీగె ఒక ప్రాథమిక స్వరంతోపాటు దానికి రెండు, మూడు, నాలుగు రెట్ల కంపనాలు గల అనుస్వరాలను కూడా పలుకుతుంది. ఈ పూర్ణసంఖ్యల పొందిక వల్లనే చెవి దానిని ఒక స్పష్టమైన స్వరంగా గుర్తిస్తుంది. బిగించిన తోలూ, చెక్కపలకా అలా పలకవు. ఒకే మందం గల గుండ్రని తోలు ప్రాథమిక కంపనం 1 అయితే, తక్కినవి 1.59, 2.14, 2.30 ఇలా పొందిక లేకుండా ఉంటాయి. చెవి వాటిలో స్వరాన్ని పట్టుకోలేక, 'దెబ్బ'గా మాత్రమే గ్రహిస్తుంది. మృదంగం దీనికి విశిష్టమైన మినహాయింపు. దాని వలంతల నడుమ పెట్టిన నల్లని కరణి వల్ల అతిస్వరాలు పూర్ణసంఖ్యల పొందికలోకి వస్తాయని, బాల్యం విశాఖపట్నంలో గడిపిన సర్ సి. వి. రామన్ తన సహచరుడితో కలిసి 1920లో చూపించాడు. అందువల్లనే మృదంగాన్ని శ్రుతి చేయవలసివస్తుంది. గిటారు పలకను పాటపాటకూ శ్రుతి చేయనక్కరలేదు.

రెండవ కారణం కాలం. తీగె నాదం కొన్ని సెకన్లు నిలుస్తుంది. తట్టు సెకనులో కొద్దిపాటి వంతులోనే అణగిపోతుంది. నిమిషానికి 120 దెబ్బల నడకలో ఒక్కొక్క దెబ్బకు అర సెకను పడుతుంది. దానిని చతురశ్రంగా నాలుగు భాగాలు చేస్తే ఒక్కొక్క భాగం సెకనులో ఎనిమిదవ వంతు. తట్టు అంతలోగా ఆగిపోతేనే తరువాతి తట్టు విడిగా వినిపిస్తుంది. అది త్వరగా చావడం లోపం కాదు, తాళానికి అదే గుణం.

ఈ రెండు తేడాలను బట్టి మన మెదడు, ఒకే పెట్టె నుంచి వచ్చిన ధ్వనులను రెండు వాద్యాలుగా విడదీస్తుంది. స్వరం కలిగి నిలిచేది ఒకటి, స్వరం లేక ఆగేది మరొకటి. ముగ్గురు వాయిస్తున్నారన్న భ్రమలో సగం కళాకారుడి చేతులలో ఉంటే, సగం వినేవారి చెవులలో ఉన్నది.

చేతులకు పని పంపకం

ఎడమచేయి మెట్లమీద స్వరాన్ని నొక్కడం, కుడిచేయి మీటడం గిటారులో పాత పంపకం. కుడిచేయి పెట్టెను తట్టబోతే మీటేదెవరు? ఇందుకు మూడు ఉపాయాలున్నాయి.

మొదటిది, ఎడమచేతి వ్రేలితో తీగెను మెట్టుపై గట్టిగా దిగగొట్టడం. ఆ తాకిడికే తీగె కంపించి స్వరం పలుకుతుంది, మీటనక్కరలేదు. కుడిచేయి కూడా ఇదే పని చేయగలదు. అప్పుడు రెండు చేతులూ మెట్లపై రెండు వేర్వేరు పాటలు నడుపుతాయి.

రెండవది అనుస్వరాలను వాడుకోవడం. తీగె సరిగా సగమైన చోట, అంటే పన్నెండవ మెట్టుపైన, వ్రేలితో చటుక్కున చరచి తీస్తే, అక్కడ అస్పందన బిందువు గల కంపనాలు మాత్రమే మిగులుతాయి. తీగె పై షడ్జాన్ని గంట మోగినట్లు పలుకుతుంది. మూడవ వంతున తాకితే పై పంచమం పలుకుతుంది. ఒకే చరుపు తాళానికి దెబ్బగానూ, పాటకు స్వరంగానూ పనికివస్తుంది.

మూడవది తీగెల శ్రుతి మార్చడం. కొన్ని తీగెలను సడలించి, నొక్కకుండా వదిలినప్పుడు కూడా అవన్నీ కలిసి ఇంపుగా పలికేటట్లు శ్రుతి చేస్తారు. చేతులు రెండూ పెట్టెపైకి వెళ్ళిన క్షణంలో కూడా తీగెలు తంబురావలె వెనుక మ్రోగుతూ ఉంటాయి. సాధారణమైన శ్రుతిలో ఈ సౌకర్యం ఉండదు.

పల్చదనం – గట్టితనం

ఇక అపచారం, ప్రమాదం అన్న మొదటి సందేహాలకు వద్దాం. ఉక్కుతీగెల గిటారుపై ఆరు తీగెల మొత్తం బిగువు సుమారు 70 కిలోగ్రాముల బరువుకు సమానం. అంటే ఒక పెద్దమనిషి ఎల్లవేళలా గుర్రాన్ని పట్టుకొని వ్రేలాడుతున్నట్లే. దానిని మోసే పైపలక మందం సుమారు 3 మిల్లీమీటర్లు. మందం పెంచితే దృఢంగా ఉంటుంది గాని పలకదు. తగ్గిస్తే బాగా పలుకుతుంది గాని కొంతకాలానికి ఉబ్బి చీలుతుంది. అందుకే పల్చని పలక లోపల సన్నని కమ్మీలు అతికించి, బరువు పెంచకుండా బలం పెంచుతారు.

కొట్టే చేతికి ఈ కమ్మీలు ఎక్కడున్నాయో తెలియాలి. అరచేతి మెత్తదనంతో, మణికట్టును సడలించి తట్టిన దెబ్బను పలక సులభంగా ఓర్చుకొంటుంది. భుజబలంతో, ఉంగరం ఉన్న వ్రేలితో కొట్టిన దెబ్బకు అది చీలవచ్చు. పెద్ద ధ్వని రావడానికి పెద్ద బలం అక్కరలేదు. ఊగే చోటును ఎరిగి తట్టితే చాలు. ఉయ్యాలను సరియైన సమయంలో చిన్న వ్రేలితో నెట్టినా పైకి లేస్తుంది.

వాద్యానికి దెబ్బకన్న ప్రమాదమైనది తేమ. గిటారు నిర్మాతలు సాధారణంగా గాలిలో 45 నుంచి 55 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉండాలని చెబుతారు. కాలువలూ, వరిపొలాలూ నిండిన కృష్ణా డెల్టాలో వర్షకాలపు ఆర్ద్రత దీనిని మించిపోతుంది. చెక్క తేమను పీల్చి ఉబ్బుతుంది. పలక బరువెక్కి, లోపలి రాపిడి హెచ్చి, ధ్వని మొద్దుబారుతుంది. తడి మిగిలిన పసుపు కొమ్ము మొద్దుగా విరగడానికి కూడా ఇటువంటిదే కారణం. అందుచేత ఈ ప్రాంతంలో గిటారు గల విద్యార్థి దానిని గోడకు తగిలించి ఉంచడంకన్న, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టెలో మూసి ఉంచడం మంచిది. బొబ్బిలి వద్ద గొల్లపల్లిలో వీణలు తొలిచే కళాకారులు బాగా ఆరిన పనసకొయ్యనే ఎన్నుకోవడంలో ఉన్న అనుభవజ్ఞానం ఇదే.

తరగతిలో చేసి చూడదగినవి

ఈ విషయాలను పరీక్షించడానికి గిటారు అక్కరలేదు.

1. అట్టపెట్టె ఒకటి తీసుకొని, పైభాగంలో గుండ్రని రంధ్రం చేసి, రెండు పెన్సిళ్ళను గుర్రాలుగా పెట్టి, రబ్బరు పట్టీని సాగదీసి తొడిగి మీటాలి. అదే పట్టీని చేతుల మధ్య సాగదీసి మీటి రెండు ధ్వనులనూ పోల్చాలి.

2. ఆ పెట్టెను నడుమన, అంచున, ప్రక్కన వరుసగా మొదట అరచేతితోనూ, తరువాత గోటితోనూ తట్టాలి. ఆరు ధ్వనులనూ విద్యార్థులు కళ్ళు మూసుకొని గుర్తించగలరేమో చూడాలి.

3. రంధ్రాన్ని అట్టముక్కతో సగం మూసి పెట్టెను మళ్ళీ తట్టాలి. రంధ్రం చిన్నదైతే గాలి కంఠం మంద్రమవుతుంది.

4. ఒక పల్చని రేకు పళ్ళెంపై బిగువుగా కాగితం కట్టి, ముగ్గుపొడి చల్లి, దగ్గరగా నోటితో ఒకే స్వరాన్ని గట్టిగా పలకాలి. స్వరం మార్చినకొద్దీ పొడి కదిలే చోట్లు మారడం కనిపిస్తుంది.

బుర్రకథ చెప్పిన కథకుడు అస్పందన బిందువుల పేరు వినలేదు. పసుపు కొమ్మును విరిచి చూసే దుగ్గిరాల వ్యాపారి అవరుద్ధ కంపనాల గురించి చదువుకోలేదు. అయినా ఇద్దరి చెవులూ శాస్త్రానికి సరిపోయే తీర్పునే చెప్పాయి. శాస్త్రం ఆ తీర్పుకు కారణం చెబుతుంది. కారణం తెలిసిన చేయి వాద్యాన్ని తట్టినా అది అపచారం కాదు. చెక్క ఎంతవరకు ఓర్చుకొంటుందో, ఎక్కడ పలుకుతుందో ఎరిగి తట్టడం ఆ వాద్యాన్ని గౌరవించడమే.